మా తోడికోడలి మీసం

నాకు మా తోడికోడలంటే కుళ్ళు. ముందే చెప్పేస్తే మీకూ నాకూ హాయి. నాకంటే దానికి నగలు ఎక్కువా అంటే లేవు. అందమా, చదువా, అదీ లేదు. దాని ఇల్లు నా ఇల్లే, దాని అత్త నా అత్తే, దాని మొగుడు నా మొగుడి తమ్ముడే. అయినా కుళ్ళిపోయాను. ఎందుకంటే ఒంటిమెలి ముఖం మీద కోర్టు దానికి హక్కు ఇచ్చింది. ఆ ముఖాన్ని జీవితమంతా కళ్ళకద్దుకున్నది నేను!

ఒంటిమెలి అంటే సినిమా హీరో. కుడివైపు మీసం పైకి మెలి తిరిగి ఉంటుంది, ఎడమవైపుది కిందికి వాలి ఉంటుంది. ఆయన అసలు పేరు పోస్టర్ల మీద తప్ప ఎవరి నోటా వినపడదు. పెళ్ళికి ముందు ఆయన సినిమా మొదటి ఆట కోసం క్యూలో నిలబడి, ఇంటికొచ్చి నాన్న చేతిలో తన్నులు తిన్నాను. పెళ్ళయిన కొత్తలో మా ఆయనతో, "మీకంటే ముందు నా మనసులో ఇంకొకరున్నారు" అని ఫోటో చూపించాను. ఆయన కాసేపు చూసి, "పోనీలే, ఈయన మనింటికి భోజనానికైతే రాడు కదా" అని అటు తిరిగి పడుకున్నాడు. అలాంటి మనిషి మా ఆయన.

మా మరిది పెళ్ళి చేసుకుని తీసుకొచ్చిన పిల్ల పొట్టిగా గుండ్రంగా ఉండేది. దర్జీ. పని చేస్తున్నంతసేపూ నోట్లో నాలుగు బొత్తాలు పెట్టుకునేది, మాట్లాడితే అవి టకటకలాడేవి. "ఏమే బొత్తాం" అని మా అత్తగారు ఒకసారి పిలిచింది. ఆ పేరే ఉండిపోయింది.

వీధివైపు గది దాని కుట్టు దుకాణం. కిటికీ కింద మిషను, నడుమ కత్తిరింపు బల్ల. అసలు పనితనం కుట్టులో లేదు, కత్తిరింపులో ఉంది అనేది బొత్తాం. కుట్టు తప్పితే విప్పుకోవచ్చు, కత్తెర తప్పితే గుడ్డ పోయినట్టే. పొద్దుటినుంచి బల్ల చుట్టూ తిరుగుతూ, వంగుతూ, మళ్ళీ వెనక్కి జరిగి చూసుకుంటూ నిలబడే ఉండేది. కూర్చుని కత్తిరిస్తే చంకలు పడతాయి అంటుంది, అంటే చంకల దగ్గర బిగుసుకుపోతుందని.

దానికి సినిమాలు పట్టవు. నేను గోడకి ఒంటిమెలి బొమ్మ అంటిస్తే చూసి, "ఒక పక్క ఇస్త్రీ చేసి రెండో పక్క మర్చిపోయినట్టుంది కదక్కా" అంది. ఆ పూట నేను అన్నం ముట్టలేదు.

బజార్లో కొత్త బట్టల కొట్టు తెరవడానికి ఒంటిమెలి వస్తున్నాడని తెలిసినరోజు నేను తెల్లారకముందే వెళ్ళి కొట్టు ముందు తాడు పట్టుకుని నిలబడ్డాను. బొత్తాం కూడా అక్కడికే వచ్చింది గానీ హీరో కోసం కాదు, మొదటిరోజు లైనింగ్ గుడ్డ చవగ్గా ఇస్తారని. గుడ్డ కొనుక్కుని, ముందువైపు జనంలోంచి రాలేక, వెనక సందులోకి దిగింది. హీరోగారు కూడా జనానికి జడిసి ఆ సందులోంచే బయటపడదామనుకున్నాడు. ఈ సంగతి పసిగట్టి నేనూ చుట్టు తిరిగి సందుకి పరుగెత్తాను. స్టీరింగు ముందు ఆయనే కూర్చున్నాడు. డ్రైవరు గేటు తీస్తున్నాడు. కారు ఒక్కసారి వెనక్కి దూకింది.

బొత్తాం కుడికాలు చక్రం కింద పడింది.

నేను వెళ్ళి దాన్ని ఒళ్ళో వేసుకున్నాను. తలెత్తితే, అద్దానికి అవతల, జానెడు దూరంలో ఆ ముఖం. నేను ఎన్నేళ్ళు కలలు కన్నానో ఆ ముఖం. ఆయన మమ్మల్ని చూడలేదు. వెనకనుంచి జనం వస్తున్నారేమో అని అద్దంలో చూసుకున్నాడు, చూసుకుని కారు ముందుకి పోనిచ్చాడు. నా ఒళ్ళో లైనింగ్ గుడ్డ తడిసిపోతోంది.

మోకాలి కింద తీసేశారు.

కేసు నడిచింది. డ్రైవరే నడిపాడని, ఆ డ్రైవరు పరారీలో ఉన్నాడని హీరోగారి వకీలు వాదించాడు. హీరోగారు ఒక్క వాయిదాకి కూడా రాలేదు. చూసిన సాక్షిని నేనే. నేను ఎక్కడ అబద్ధం చెప్తానో అని మా అత్తగారు ముందురోజంతా నా వెనకే తిరిగింది, "తోడబుట్టినదానికన్నా ఎక్కువే తల్లీ" అని. నాకు ఒళ్ళు మండింది. నాకు పిచ్చే, కానీ అంత పిచ్చి కాదు.

"మీరు ఆయన వీరాభిమాని కదా?" అని అడిగాడు వకీలు, పెద్ద లా పాయింటు పట్టినట్టు.

"అవునండీ. అందుకే చెప్తున్నా. ఆ మీసం ఆయన మూతి మీదే ఉంది. చీకట్లో గోరు చూపించినా ఆయన్ని గుర్తుపడతాను నేను," అన్నాను.

జడ్జిగారు కూడా నవ్వారు. కేసు గెలిచాం. ఆ రాత్రి ఇంటికొచ్చి గోడ మీద బొమ్మ తీయబోయి తీయలేక ఏడ్చాను.

గెలిచామన్నమాటే గానీ చేతికి చిల్లిగవ్వ రాలేదు. బంగళా ఆయన అత్తగారి పేర, కార్లు కంపెనీ పేర, కంపెనీ బావమరిది పేర. తినడానికి తిండి లేదు, మీసాలకి సంపెంగ నూనె అన్నట్టు, ఆ మీసం తప్ప తనకంటూ ఏమీ లేదని హీరోగారు కోర్టుకి కాగితం పెట్టుకున్నాడు. మా లాయరమ్మ ఆ కాగితం చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, "అయితే ఆ మీసమే ఇప్పించండి" అంది.

మొదట మేమందరం వేళాకోళం అనుకున్నాం. లాయరమ్మ వివరించింది. పెయింటు డబ్బా మీద, బనీను పెట్టె మీద, తలనూనె సీసా మీద ఆయన బొమ్మ ఉందంటే వాళ్ళు ఊరికే వేసుకున్నారా? ఆయన పేరూ ముఖమూ వాడుకున్నందుకు రుసుం ఇస్తున్నారు. ఇల్లు ఇంకొకరి పేరున రాయొచ్చు. ముఖం ఎవరి పేరున రాస్తాడు? జప్తు చెయ్యగలిగిన ఆస్తి అదొక్కటే.

కోర్టు ఒప్పుకుంది. తీర్పు సొమ్ము పూర్తిగా వసూలయ్యేదాకా ఆయన పేరు గానీ, ఆ మీసంతో ఉన్న ఫోటో గానీ, మెలి తిరిగిన ఆ మీసం గీత గానీ, ఏ సరుకు మీదా ఏ పోస్టరు మీదా మా బొత్తాం సంతకం లేకుండా వెయ్యకూడదు. రుసుం కోర్టు ద్వారా దానికి చేరుతుంది. ఆయన తన సినిమాకి తన బొమ్మ వేసుకోవాలన్నా దాన్నే అడగాలి.

ఇక చూడండి నా బాధ. మా వాకిట్లో కార్లు ఆగేవి. తలనూనె వాళ్ళు, తాళం కప్పల వాళ్ళు, పరుపుల వాళ్ళు నమూనాలు పట్టుకుని వచ్చి, "మేడమ్" అంటూ బొత్తాం ముందు కూర్చునేవారు. ఇది చంకకర్ర పక్కన పెట్టుకుని, బొమ్మని దూరంగా పట్టుకుని చూసి, "మా ఒంటిమెలికి ఈ చొక్కా రంగు నప్పలేదండీ, భుజం జారింది, మార్చుకుని రండి" అనేది. మా ఒంటిమెలి అట! ఇస్త్రీ మర్చిపోయిన మీసం కాస్తా దానికి "మా" అయిపోయింది. నవ్విన నాపచేనే పండుతుందంటారు, అది నా కళ్ళముందే పండింది.

పైగా ఆయన సినిమాలు చూడటం మొదలుపెట్టింది. ఏ బొమ్మ ఏ సినిమాలోదో తెలియాలి కదా అని. నన్ను అడిగేది, "అక్కా, ఈ కోటు ఏ సినిమాలోది?" అని. చెప్పకూడదనుకుంటూనే చెప్పేదాన్ని. చెప్పాక పళ్ళు కొరుక్కునేదాన్ని. నేను ఆయన్ని ప్రేమిస్తే నాకు దక్కింది నాన్న చేతి దెబ్బలు. దీని కాలు తొక్కితే దీనికి ఆయన దక్కాడు. ఇలా అనుకోవడం పాపమని నాకు తెలుసు. తెలిసే అనుకునేదాన్ని.

ఇంకో సంగతి ఉంది. బొత్తాం మంచాన పడ్డాక వీధి గది ఖాళీగా ఉంటే, అందులో నేను చిన్న కొట్టు పెట్టుకున్నాను. కప్పుల మీద, టీషర్టుల మీద బొమ్మలు అచ్చువేసి అమ్మడం. ఎవరి బొమ్మలో వేరే చెప్పాలా? ఒకరోజు బొత్తాం చంకకర్ర టకటకమనిపించుకుంటూ వచ్చి, ఒక కప్పు తీసుకుని, అటూ ఇటూ తిప్పింది.

"అక్కా, ఇవి కూడా లెక్కలోకి వస్తాయంట. లాయరమ్మ చెప్పింది."

"ఓహో! అయితే నేనూ నీ ముందు కూర్చుని మేడమ్ అనాలా?" అన్నాను.

"అంటే వినాలనే ఉంది," అని నవ్వింది. "డబ్బులేం వద్దులే. నా కిటికీ నాకివ్వు చాలు."

కిటికీ కింద నా అట్టపెట్టెలు ఉన్నాయి. రుసురుసలాడుతూ జరిపాను. మిషను మళ్ళీ అక్కడికొచ్చింది, మా మరిది మోటారు బిగించాడు. ఎడమకాలితో నొక్కి కుట్టుకునేది. కానీ ఒంటికాలి మీద బల్ల దగ్గర నిలబడితే రెండు చేతులూ కత్తెరకి, గుడ్డకి చాలవు. ఒక చెయ్యి బల్లని పట్టుకోవాల్సిందే. అందుకని దుప్పట్లకి అంచులు, తెరలకి మడతలు, ఊడిన బొత్తాలు, ఇవే కుట్టేది. పాత ఖాతాదార్లు గుమ్మందాకా వచ్చి, జాలిగా చూసి, గుడ్డ చూపించకుండానే వెళ్ళిపోయేవారు. దానికి కావాల్సింది మంచి పెట్టుడు కాలు, రోజంతా నిలబడి కత్తిరించినా ఒరుసుకోనిది. కొలతలు కూడా ఇచ్చేసింది. సొమ్ము పోగవడమే ఆలస్యం.

అంతలో హీరోగారు మీసం గీయించేసుకున్నాడు.

పేపర్లో ఫోటో చూసి నేను గుర్తుపట్టలేదు, ఎవరో బ్యాంకు మేనేజరు అనుకున్నాను. పాత పేరు, పాత రూపం వదిలేశాను, కొత్త పేరుతో కొత్త మనిషిగా వస్తున్నాను అని రాయించాడు. పక్కవాడికి రెండు కళ్ళూ పోవాలని తన కన్ను ఒకటి పొడుచుకునే రకం. పాత ముఖం దాని చేతిలో చెల్లని నాణెం అయిపోవాలి, అదీ ఆయన ఎత్తు. పనిచేసింది కూడా. తలనూనె వాళ్ళు వెనక్కి తగ్గారు, పరుపుల వాళ్ళు ఫోను ఎత్తలేదు. వాకిట్లో కార్లు ఆగడం మానేశాయి.

ఆ మీసం కోసం నేను ఒక పూట ఏడ్చాను. ఆ తర్వాత, ఉన్నమాట చెప్పాలంటే, కడుపులో చల్లగా అనిపించింది. ఇప్పుడు ఆయన నాకూ లేడు, దానికీ లేడు. పీడా పోయింది.

ఆ సాయంత్రమే బొత్తాం తన పెద్ద కత్తెర తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న కత్తెర, మమ్మల్నెవర్నీ కాగితం కూడా కత్తిరించనిచ్చేది కాదు.

"నువ్వుంచుకో అక్కా. టీషర్టు దారాలు తీసుకోవడానికి పనికొస్తుంది. నాకింకెందుకు?" అంది.

"నీ మొహం! నాకు బ్లేడు చాలు, తీసుకుపో," అన్నాను.

తీసుకుపోలేదు. దాన్ని నా కొట్టు గోడకి మేకు కొట్టి తగిలించాను. కూర్చున్నప్పుడల్లా నా నెత్తి మీదే ఉండేది. కడుపులో చల్లదనం కాస్తా ఎటు పోయిందో పోయింది. రెండు రాత్రులు సరిగా నిద్రపట్టలేదు, ఆ కోపంతో మా ఆయన్ని కసురుకున్నాను.

కొత్త మనిషి సినిమా వచ్చింది. నేను వెళ్ళాను, వెళ్ళకుండా ఉంటానా? హాల్లో నాతో కలిపి గుప్పెడుమంది. విరామానికి సగం మంది లేచిపోయారు. ఆ మూతి మీద ఏ డైలాగూ అతకడంలేదు. ఇక ఒంటిమెలిగా కనిపిస్తేనే డబ్బు పెడతామని నిర్మాతలు తెగేసి చెప్పారని ఊరంతా గుప్పుమంది. మీసమైతే పెంచుకోవచ్చు. దాన్ని పోస్టరు మీద వెయ్యడానికి కావాల్సిన సంతకం మాత్రం మా ఇంట్లో తెరలకి అంచులు కుడుతోంది.

అలా వచ్చాడు. ఆరోజు మధ్యాహ్నం నా చెప్పు తెగింది. ఒక కాలు ఈడ్చుకుంటూ గదిలో కప్పులు సర్దుతున్నాను. కిటికీ దగ్గర బొత్తాం ఇంత పొడుగు తెర కుడుతోంది, గుడ్డంతా దాని ఒళ్ళోంచి నేలదాకా పరుచుకుని ఉంది. గుమ్మంలో ఇద్దరు మగాళ్ళు నిలబడ్డారు, నల్లకోటు ఒకరు, బోసిమూతి ఒకరు.

"కరెంటు మీటరు వెనకవైపుందండీ," అన్నాను.

బోసిమూతి ఆయన నా కాలివైపు చూశాడు, ఈడ్చుకుంటూ రెండడుగులు వేసిన నా కాలివైపు. చూసి, గబగబా వచ్చి, నా రెండు చేతులూ పట్టేసుకున్నాడు.

"తప్పయింది తల్లీ, క్షమించు," అన్నాడు.

ఆ గొంతు విన్నాక తెలిసింది. ఒంటిమెలి! మా ఇంట్లో! నా చేతులు ఆయన చేతుల్లో! చీకట్లో గోరు చూసి గుర్తుపడతానన్న నేను, ఆ బోసిమూతిని తెర మీద చూసొచ్చి కూడా, పట్టపగలు ఎదురుగా మనిషిని చూసి మీటరు చూపించాను. ఆయన కళ్ళలో నీళ్ళు కూడా ఉన్నాయి. ఆ నీళ్ళు నేను చాలా సినిమాల్లో చూశాను, సరిగ్గా అవే. ఒక్క క్షణం, నిజంగా చెప్తున్నా, నేనేమీ సరిదిద్దలేదు. పాతికేళ్ళుగా అడిగింది అదే కదా, ఒక్కసారి నన్ను చూడమని.

"ఆరోజు నుంచీ మీ ముఖం నా కళ్ళలోంచి పోలేదు తల్లీ," అన్నాడు ఆయన.

అప్పుడు తగిలింది నాకు. ఏ ముఖం? ఈయన ఆరోజు ఎవర్ని తొక్కాడో చూడనే లేదు. కేసు నడిచినన్నాళ్ళూ ఆమె ఎవరో, ఎలా ఉంటుందో కూడా కనుక్కోలేదు. కుంటుతూ ఎవరు కనిపిస్తే వాళ్ళ చేతులు పట్టుకుందామని వచ్చాడు.

నల్లకోటు గొంతు సవరించుకున్నాడు. "సగం సొమ్ము ఇప్పుడే కట్టేస్తాం. మిగతా సగం వదులుకుంటున్నానని మీరొక సంతకం పెడితే, ఆయన బతుకూ నిలబడుతుంది, మీ అవసరమూ తీరుతుంది."

"సగంతో రాజీపడు తల్లీ," అన్నాడు ఒంటిమెలి, నా చేతులు కళ్ళకద్దుకుంటూ.

"సగం కాలు పెట్టుకుని ఎవరు నిలబడతారు బాబూ?" అన్నాను.

నా నోట్లోంచి అంత గట్టిగా వస్తుందని నాకే తెలీదు. మిషను ఆగిపోయింది. నేను చేతులు లాక్కుని కిటికీవైపు చూపించాను. "కాలు పోయింది నాది కాదు, దానిది. నాది చెప్పు తెగింది, అంతే."

ఆయన అటు తిరిగాడు. బొత్తాం తెర పక్కకి లాగింది. కుడివైపు, చీర అంచు కింద ఖాళీ. ఇందాకటి మాటలే మళ్ళీ అనడానికి ఆయనకే సిగ్గేసిందో, ఏడుపు రెండోసారి రాలేదో, వకీలు మొహం చూశాడు. బొత్తాం నోట్లోంచి బొత్తాలు అరచేతిలోకి తీసుకుంది.

"మొత్తం కట్టండి," అంది. "కట్టినరోజు మీ ముఖం మీరు పట్టుకుపోవచ్చు. నాకు దాంతో పనిలేదు."

వాళ్ళు వెళ్ళాక మా అత్తగారు వంటింట్లోంచి వచ్చి, "ఎవరే వాళ్ళు? కాస్త టీ అయినా ఇవ్వకుండా పంపేశారు" అంది. మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం గానీ నవ్వు రాలేదు.

మొత్తం కట్టాడు. నిర్మాతల దగ్గర తెచ్చాడో, బావమరిది దగ్గర కక్కించాడో మాకెందుకు? మీసం మళ్ళీ మొలిచింది, ముఖం మళ్ళీ ఆయనదైంది. నేను కప్పుల మీద పువ్వులు అచ్చువేసుకుంటున్నాను, బాగానే పోతున్నాయి. ఆయన సినిమాకి మాత్రం ఇంకా వెళ్ళలేదు. గోడ మీద బొమ్మ వెలిసిపోయింది, తీయలేదు.

బొత్తాం కాలు వచ్చింది. ఇంట్లో గోడ పట్టుకుని, తర్వాత నా భుజం పట్టుకుని, తర్వాత ఏదీ పట్టుకోకుండా నడిచింది. ఒకరోజు పొద్దున్నే వీధి గదిలోకి వచ్చి, బల్ల మీద గుడ్డ పరిచి, సుద్దతో గీతలు గీసి, నావైపు చెయ్యి చాపింది. కత్తెర తీసి ఇచ్చాను. పట్టుకుంది గానీ కత్తిరించలేదు.

"అక్కా, నాది ఇంకొకటి నీ దగ్గర ఉండిపోయింది."

"ఏంటది? నీ సూదులు నేను తియ్యలేదు."

"ఆరోజు ఆయన నీ చేతులు పట్టుకుని తప్పయింది అన్నాడే. అది నాది కదా." నోట్లో బొత్తాలు టకటకలాడాయి. "డబ్బంతా వచ్చింది. అది మాత్రం నీకిచ్చి పోయాడు. నిన్ను చూస్తే నాకు కుళ్ళుగా ఉందక్కా."

నన్ను చూసి! బతుకులో మొదటిసారి ఒకరు నన్ను చూసి కుళ్ళుకున్నారు. సంబరపడాలి నిజానికి. రాలేదు సంబరం. ఇంకు అంటిన చేతులు తుడుచుకుని బల్ల దగ్గరికి వెళ్ళాను. కత్తెర పక్కన పెట్టించి దాని రెండు చేతులూ పట్టుకున్నాను. ఆయన గొంతుతోనే అందామనుకున్నాను, ఆయన డైలాగులన్నీ నాకు కంఠతా వచ్చు, ఇంట్లో అందర్నీ నవ్వించేదాన్ని. కానీ ఆ గొంతు రాలేదు, నాదే వచ్చింది.

"తప్పయింది తల్లీ, క్షమించు."

బొత్తాం రెండు కాళ్ళ మీదా నిలబడి చాలాసేపు నా చేతులు వదల్లేదు. తర్వాత కత్తెర తీసుకుని గుడ్డ మీదికి వంగింది.

"ముట్టింది," అంది.